హీనెల్ల మలుపులో ఉమ్మే దెయ్యం

ఊవా కొండల్లో ఎంత మొనగాడైనా సరే, ఆగస్టు నెలలో చీకటి పడ్డాక హీనెల్ల మలుపు దగ్గర నడవడు. అక్కడ ఎలారిస్ ఇల్లుంది. తలుపుకి తాళం. కిటికీలకి సాలెగూళ్ళు. లోపల మాత్రం— స్సుర్ర్ర్... అని ఎవరో టీ జుర్రుతారు. కాసేపు ఏమీ వినపడదు. ఆ తర్వాత— తుప్!

ఎలారిస్ మా తోటలో ముప్పయ్యేళ్ళు టీ రుచి చూసినవాడు. ఆ పని చేసేవాడు టీ మింగడు, నోట్లో తిప్పి ఉమ్మేస్తాడు. పోయి పద్నాలుగేళ్ళయినా ఆ అలవాటు పోలేదని జనం అంటారు.

సిరిసోమ సంగతి చెబుతా. ఫ్యాక్టరీలో టీ తయారీ అంతా వాడి చేతిమీదే. అంతకుముందు వాడి నాన్న చేతిమీద. నాన్న పనితనంలో పదో వంతు రాలేదు వీడికి, అది వేరే మాట.

ఆ ఏడు ఎండగాలి సరిగా వీచలేదు. ఊవా టీకి ప్రాణం ఆ గాలే. టీ గొంతు దిగుతుంటే చల్లగా తగలాలి. తగల్లేదు. రంగూ పలచన. తోట దొర అప్పటికే తేల్చి చెప్పేశాడు— ఈసారి కొలంబోలో టీ కొనేవాళ్ళు మెచ్చకపోతే ఫ్యాక్టరీ మూసి, ఆకు పక్క తోటకి తోలేస్తానని.

సిరిసోమ బావమరిది చేత మాతర నుంచి రెండు గోతాల రుహుణు టీ తెప్పించాడు. సముద్రం పక్క పల్లపు టీ, తారులాగా నల్లగా దిగుతుంది. దాన్ని మన టీలో కలిపేసి, ఆ నమూనా డబ్బా చంకన పెట్టుకుని రాత్రి మెయిలుకి బయల్దేరాడు.

కొట్టు నడిపే పొడిమెణికె దారిలో ఆపింది. "తమ్ముడూ, రోడ్డంట పోరా. ఆ మలుపు అడ్డదారి వద్దు."

"రోడ్డంట పోతే రైలు అందదక్కా."

"అటు పోయావంటే నువ్వే అందవు."

"ఉమ్మితే భయపడాలా? రోజంతా తమలపాకు నమిలి ఉమ్మే బావతో నువ్వు కాపరం చెయ్యడం లేదూ?"

అంత పొగరుగా అని, మలుపు తిరిగాడు. ఆకు కదలట్లేదు...

స్సుర్ర్ర్...

సిరిసోమ ఆగి, డబ్బా గట్టిగా పట్టుకున్నాడు.

"డబ్బాలో ఏముంది?" లోపల్నుంచి గుసగుస.

"ఊ... ఊవా టీ అయ్యా."

"కిటికీలో పెట్టు. అటు తిరిగి నించో."

పెట్టాడు. తిరిగాడు. వెనక కిటికీ కిర్రుమంది. కెటిల్లో నీళ్ళు కాగుతున్న చప్పుడు...

"అయ్యా... పోనా?"

"కదిలావో! ఆకు ఊరుతోంది. ఆరు నిమిషాలు."

ఆ ఆరు నిమిషాలూ దెయ్యం ఊరుకుందా? ఏ ఊరి టీ ఎలా ఉంటుందో పాఠం అప్పజెప్పించుకుంది.

"నువరెళియ?"

"లేత రంగయ్యా... పైన చలి కదా, పువ్వు వాసన..."

"దింబుల?"

"తేటగా ఉంటుంది... తాగితే నోరు కడిగినట్టు..."

"కాండీ?"

"చిక్కనయ్యా. పాలు పోసినా తట్టుకుంటుంది."

"పోసినవాడు తట్టుకోవాలి, నా చేతిలో. సబరగమువ?"

"కాస్త... మాడిన పంచదార తీపి..."

"ఇన్ని తెలుసన్నమాట నీకు!"

స్సుర్ర్ర్...

తుప్! తుప్! తుప్!

ఎలారిస్ మూడుసార్లు ఉమ్మాడంటే అది మనుషులు తాగే టీ కాదని తోటలో అందరికీ తెలుసు.

"దొంగా! దీన్నిండా మాతర సముద్రమేరా! ఎంత కలిపావు?"

"పావు వంతు..."

"ఎంత?"

"మూడో వంతయ్యా!" సిరిసోమ భోరుమన్నాడు. "లేకపోతే ఫ్యాక్టరీ మూసేస్తారు... మా నాన్న నడిపిన ఫ్యాక్టరీ..."

"మీ నాన్న గాలిలేని ఏడు పలచటి టీ పంపాడు. పలచన అని రాసి మరీ పంపాడు. కలపనిది మిగిలిందా?"

"ఉంది. చూడ్డానికే నీళ్ళలా..."

"అదే పంపు. పరిగెత్తు!"

డబ్బా వదిలేసి, చెప్పులు వదిలేసి పరిగెత్తాడు. రాత్రి మెయిలు తప్పింది. కలపని నమూనా పొద్దున రైలుకి వెళ్ళింది.

తొమ్మిదో రోజున కొలంబో నుంచి ఉత్తరం. 'పలచన. కానీ అచ్చం ఊవా. ఈసారి నాలుగు తోటలు పల్లపు టీ కలిపి పంపాయి, వాటిని తిప్పి పంపాం. మీది ఉంచుకుంటున్నాం.' దొర ఫ్యాక్టరీ మాట మళ్ళీ ఎత్తలేదు.

ఇంతవరకూ సిరిసోమ నలుగురికీ చెప్పుకునేది. మిగతాది వాడికి తెలీదు.

ఎలారిస్ చావలేదు. పని మానేసే రోజున సన్మానమని పిలిచి, దారం వేలాడే సంచి టీ చేతిలో పెట్టారు! ముప్పయ్యేళ్ళు రుచి చూసినవాడికి! ఆ గడ్డమీద మనిషితో మళ్ళీ మాట్లాడకూడదనుకుని గాల్ పట్నంలో చెల్లెలింటికి వెళ్ళిపోయాడు. ఎవడో చచ్చాడన్నాడు. తోటవాళ్ళు భిక్షువుల్ని పిలిచి చచ్చినవాడి పేరున దానం కూడా పెట్టారు, అందులోనూ అదే సంచి టీ పోశారట. ఎండగాలి టీ మాత్రం వదల్లేక ఏటా ఆగస్టులో పెరటి తలుపు తీసుకుని ఆ ఇంటికొస్తాడు.

నాకెలా తెలుసంటారా? ఎలారిస్‌ని నేనే.

ఇప్పుడు ఆగస్టులో ఏ నమూనా అయినా కొలంబో వెళ్ళేముందు నా కిటికీలో పెట్టి, దణ్ణం పెట్టుకుని మరీ పోతున్నారు. ముప్పయ్యేళ్ళు ఎదురుగా నిలబడి మొత్తుకున్నా ఒక్కడు విన్నాడా? అందుకే చెబుతున్నా, నేను బతికున్నట్టు తోటలో ఎవరికీ చెప్పకండి.