తొమ్మిది కాదు

ఏన్కూరు దాటి చండ్రుగొండ వైపు పోతుంటే, అడవి మొదలయ్యే మలుపులో కప్పు సగం కూలిన పెంకుటిల్లు ఒకటుంది. కోళ్ల దొర ఇల్లంటారు. ఎప్పుడో అమెరికా నుంచి కోళ్ల పెంపకం నేర్పడానికి వచ్చిన కుర్రాడొకడు అందులో ఉండేవాడట, జ్వరమొచ్చి అక్కడే పోయాడట. పొద్దుగూకాక ఆ మలుపులో ఎవరూ బండి ఆపరు. టైరు పంక్చరైతే రిమ్ము మీదే ఈడ్చుకుపోతారు. నవ్వకండి... మీరైనా అంతే.

ఎందుకంటే, ఆ ఇంట్లో ఎవరో లెక్కపెడతారు.

"ఒకటి కాదు... రెండు కాదు... మూడు కాదు..."

మగ గొంతు. తొందరేమీ ఉండదు. ఏదో ఒక అంకె దగ్గర ఆగిపోతుంది — ఆగి, ఇంకెవరో రావాలన్నట్టు ఊరుకుంటుంది.

అసలు భయం అది కాదు. ఆ లెక్క పెరుగుతోంది! ఆ పక్క ఊళ్లో సవరమ్మ అనే ఆవిడ కాపురానికి వచ్చిన కొత్తలో మూడు దగ్గర ఆగేదట. కొన్నేళ్లకు నాలుగు. అంకె పెరిగినప్పుడల్లా ఆ ఇల్లు ఒక మనిషిని తిన్నట్టేనని ఊరు తీర్మానించేసింది. ఊరికి తీర్మానాలు చేయడమంటే ఎంత సరదాయో చెప్పాలా?

2001 ఆగస్టులో సవరమ్మ భర్త సైకిల్ మీద వస్తూ అక్కడ "ఆరు కాదు" అని విన్నాడు. ఇంటికొచ్చేసరికి ఒకటే వణుకు. మూడో రోజుకు మనిషి లేడు.

శవపెట్టె మోయడానికి నలుగురు కావాలి. ఇల్లు తిన్న మనిషిని ముట్టుకుంటే ఏమవుతుందోనని ముగ్గురే వచ్చారు. నాలుగో మూల పదకొండేళ్ల కొడుకు ఆంథోని భుజం పెట్టాడు. సమాధుల తోట దాకా పెట్టె ఒక పక్కకు వాలే పోయింది.

అప్పటినుంచి సవరమ్మ 'ఆరోవాడి పెళ్లాం'. ఆంథోని 'ఆరోవాడి కొడుకు'. పెళ్లిళ్లకు పిలిచేవాళ్లు, కానీ పెళ్లికూతురి దగ్గర కూర్చోనిచ్చేవాళ్లు కాదు. ఇరవై మూడేళ్లుగా ఆ తల్లి ఎక్కడికెళ్లినా గుమ్మం దగ్గరే కూర్చుంటోంది.

ఇక నేను విన్న సంగతి.

మొన్న 2024 ఆగస్టులో ఆంథోని కారును ఒక ముసలి అమెరికన్ కిరాయికి మాట్లాడుకున్నాడు. పేరు మారిస్, వయసు డెబ్బై తొమ్మిది, చేతిలో కర్ర. ఆంథోని ఎనిమిదేళ్లు హైదరాబాద్‌లో క్యాబ్ తోలినవాడు కాబట్టి ఇంగ్లీషుతో ఇబ్బంది లేదు. ఎక్కడికి పోవాలో విన్నాకే ఇబ్బంది మొదలైంది.

"గా ఇంటికా? చీకట్ల నేను రాను సార్. పొద్దున పోదాం."

"పొద్దున కాదు బాబూ. మా లెక్కలో రోజు సూర్యుడు మునిగాక మొదలవుతుంది. నా స్నేహితుడు పోయిన రోజు ఈ రాత్రితో మొదలు. నువ్వు రాకపోతే నడిచి పోతాను."

అన్నంత పనీ చేశాడు. కర్ర పొడుచుకుంటూ రోడ్డెక్కాడు. ఆ నడక చూస్తే కిలోమీటరు కూడా సాగేలా లేదు. ఆంథోని తనను తానే తిట్టుకుంటూ కారు తీశాడు.

మలుపు దగ్గరికి వచ్చేసరికి సన్నగా తుంపర. ఇద్దరూ సెల్‌ఫోన్ వెలుగులో అరుగెక్కారు. లోపల తడి మట్టి వాసన. మారిస్ గోడకు చెయ్యి ఆనించి, "వచ్చాను నాథన్," అన్నాడు.

తర్వాత అరుగు మీద కూలబడి, గుసగుసగా చెప్పాడు.

వాళ్ల తాతల కాలంలో, అక్కడి కాలేజీల్లో విద్యార్థి సంఘాలుండేవి. కలిసి తినడం, కలిసి ఉండడం, ఒకరికొకరు అన్నదమ్ములనుకోవడం. అయితే తనలాంటి యూదుల పిల్లలను ఏ సంఘమూ గడప తొక్కనిచ్చేది కాదు. దాంతో వాళ్లే ఒక దర్జీ కొట్టు మీద గది అద్దెకు తీసుకుని సొంత సంఘం పెట్టుకున్నారు. మొట్టమొదట రాసుకున్న నియమం ఒక్కటే — వచ్చినవాడిని గుమ్మంలో నిలబెట్టొద్దు.

ఆంథోనికి యూదులంటే ఆదివారం ప్రసంగంలో విన్నవాళ్లే. వాళ్లకూ గుమ్మంలో నిలబడే బతుకుందని అతనికి తెలీదు. అమ్మ గుర్తొచ్చింది.

"మా బ్యాచ్‌లో మేం పదిమందిమి," అన్నాడు మారిస్. "అందులో ఇద్దరు యూదులే కారు. నియమం నియమమే కదా. నాథన్ ఇక్కడ పోయాడని తెలిసిన రోజు, తొమ్మిదిమందిమీ ప్రమాణం చేశాం. చనిపోయినవాడి కోసం మేం చేసే ప్రార్థనకు పదిమంది కావాలి. ఎప్పటికైనా అందరం నాథన్ దగ్గరికి పోదాం, వాడితో కలిపి పదిమందిమీ ఆ ప్రార్థన చెబుదాం అని." మారిస్ తల దించుకున్నాడు. "ఉద్యోగాలు, పెళ్లిళ్లు, పిల్లలు... ఒక్కరమూ రాలేదు. యాభై అయిదేళ్లు! ఇప్పుడు మిగిలింది నేనొక్కడినే."

"పదిమందే ఎందుకు సార్?"

"ఆచారం. ఇంకో తమాషా ఉంది. మనుషులను అంకెలతో లెక్కపెడితే దిష్టి తగులుతుందని మా నాయనమ్మలు భయపడేవాళ్లు. అందుకే భోజనాల దగ్గర తలలు లెక్కపెట్టేటప్పుడు ఒకటి, రెండు అనేవాళ్లం కాదు. లెక్కపెట్టే పని నాథన్‌ది. ఒకటి కాదు, రెండు కాదు అనేవాడు..."

ఆంథోని చేతిలో ఫోన్ జారి అరుగు మీద పడింది.

"ఏమన్నరు సార్?"

మారిస్ జవాబు చెప్పేలోపే — లోపలి నుంచి వినిపించింది.

"ఒకటి కాదు..."

తెలుగులోనే. ఊరి పిల్లలకు కోళ్లతో లెక్కలు నేర్పి నేర్పి అలవాటైన తెలుగు.

"రెండు కాదు... మూడు కాదు..."

ముసలాయనకు మాట అర్థం కాలేదు, గొంతు మాత్రం అర్థమైంది. కళ్ల నుంచి నీళ్లు ధారగా కారిపోతున్నాయి.

"...ఎనిమిది కాదు... తొమ్మిది కాదు..."

ఆగింది. చూరు నుంచి నీటిచుక్క పడింది... మరొకటి పడింది... అంతే. ఎవరి కోసమో కాచుకున్నట్టు ఇల్లంతా ఊరుకుంది.

ఆంథోని ఆ గొంతు ఏమంటోందో, ఊరు ఏమనుకుంటోందో, అంకె ఎలా పెరుగుతూ వచ్చిందో అంతా చెప్పాడు. తండ్రి సంగతి కూడా చెప్పాడు. మారిస్ జేబులోంచి మడతలు పడ్డ కాగితం తీశాడు. పది పేర్లు. తొమ్మిదింటి పక్కన పోయిన తేదీలున్నాయి. మొదటిది నాథన్. ఆయన వేలు ఆరో పేరు దగ్గర ఆగింది.

సాల్. 2001 ఆగస్టు 14.

ఆంథోని తండ్రి ఆ గొంతు విన్నది పదహారున.

"మీ నాన్నను ఎవరూ తినలేదు బాబూ," అన్నాడు మారిస్. "ఆ లెక్కలో ఆరోవాడు మా సాల్. బతికుండగా రాలేనివాళ్లు, పోయాక ఒక్కొక్కరే వస్తున్నారు. నాథన్ తలలు లెక్కపెట్టుకుంటున్నాడు. మీ నాన్నకు వచ్చింది ఉత్త జ్వరం."

ఆంథోని అరుగు మీద కూర్చుండిపోయి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఆ గొంతు మొదటినుంచీ చెబుతూనే ఉంది కదా! కాదు, కాదు, కాదు అని. ఊరంతా అంకె విన్నది. కాదు అన్నది ఒక్కరూ వినలేదు.

బయల్దేరే ముందు ముసలాయన అడిగాడు. "తొమ్మిది తర్వాతిది మీ భాషలో ఎలా అనాలి?"

"పది కాదు."

"పాది కాదు."

"పాది కాదు సార్, పది. ప... ది."

"పాది," అన్నాడు మారిస్ బుద్ధిగా. నోరు తిరగలేదు. కాగితం మీద తన పేరు పక్కన ఖాళీ జాగాలో ఇంగ్లీషు అక్షరాలతో రాసుకున్నాడు. "ఇప్పుడు అనను. నా వంతు రానీ."

ఆ రాత్రి ఆంథోని అమ్మను లేపి అంతా చెప్పాడు. సవరమ్మ ముందు నమ్మలేదు.

"మనం వడ్లు కొలిచేటప్పుడు ఒకటి అనం, లాభం అంటం. వాళ్లది గట్లనా?" అంది. ఇంకాసేపటికి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "అయితే మీ నాయిన ఆరోవాడు కాడు..."

"కాదమ్మా."

"ఇంకోసారి చెప్పు బిడ్డా."

ఆ తర్వాతి ఆదివారం చర్చిలో సవరమ్మ గుమ్మం దగ్గర కూర్చోలేదు. ముందు వరుసలోకి పోయి కూర్చుంది. ఎవరేమనుకుంటారో అని వెనక్కి తిరిగి కూడా చూడలేదు.

క్రిస్మస్‌కు మారిస్ దగ్గర్నుంచి శుభాకాంక్షలు వచ్చాయి. జనవరిలో ఆంథోని పెట్టిన మెసేజ్‌కు జవాబు రాలేదు.

ఫిబ్రవరిలో ఒక రాత్రి, పాసింజర్లను ఏన్కూరులో దింపి, ఆంథోని ఒక్కడే ఆ మలుపు మీదుగా ఇంటికి వస్తున్నాడు. అద్దం దించే ఉంది. లెక్క వినిపించింది.

తనంత తానుగా ఆ మలుపులో ఇంజన్ ఆపిన మొదటి మనిషి అతనే అంటారు. దిగాడు. చెప్పులు విడిచి అరుగెక్కాడు.

"...ఏడు కాదు... ఎనిమిది కాదు..."

పిల్లగాలి కూడా లేదు.

"తొమ్మిది కాదు..."

ఆగింది. ఎప్పట్లాగే ఆగింది.

అప్పుడు — అతని పక్కనే, చెవికి ఆనేంత దగ్గరగా, వణికే ముసలి గొంతు ఒకటి నోరు తిరగక తిరగక అంది:

"పాది కాదు."