వంత ఇయ్యగూడని గని

ఎర్రగుంట్ల నుంచి వేంపల్లె పోయే దావలో పాడుబడ్డ బండల గని ఒకటి ఉండేది. దాని పేరెత్తితే పాలు తాగే పిల్లోళ్లు కూడా ఏడుపు మానేవాళ్లు. బండలు విరిగిపడి అందులో నూర్మంది కూలోళ్లు పోయినారంట... సరే, నూర్మంది కాదు, ఇద్దరే అనుకోండి. పోయినోళ్లు ఊరుకుంటారా? చీకటి పడినాక ఆడ పాట పుడతాదంట. పుట్టనీ, విన్నోళ్లకు ఏమీ కాదు. ఆ పాటకు వంత ఇచ్చినోడు మాత్రం — ఇల్లు చేరడు.

పుల్లయ్యకు ఈ సంగతి బాగా తెలుసు. పట్టపగలు కూడా ఆ గని దగ్గర ఎద్దుల్ని గుర్రాల మాదిరి పరిగెత్తించే పిరికోడు ఆయన.

అట్లాంటోడు ఒక రాత్రి, పందొమ్మిదొందల యాభై ఆరో యాభై ఏడో, ఆ దావనే బండి తోలుకొని వస్తాండాడు. బండిలో వరిగడ్డి పరిచి, బొంత వేసి, దాని మీద భార్య నాగలక్ష్మమ్మను పడుకోబెట్టినాడు.

ఆమె గొంతు... శనక్కాయ చేన్లో కలుపు తీస్తా పాటెత్తుకుంటే ఏడూర్ల అవతల ఎద్దులు మేత మానేసేవి. ఆ నోట్లోనే రాచపుండు లేచింది. మద్రాసు ఆసుపత్రిలో రేడియం సూదులు గుచ్చినారు. పుండు మానలేదు గానీ, మాట పోయింది.

పుల్లయ్యకు పాటలు రావు. పెళ్లయిన ఇరవై ఏండ్లూ ఆమె పాటకు వంత ఇచ్చినోడే. వచ్చిందల్లా ఒక్క ముక్క — "పొద్దుగూకె, పోదమా".

ఆసుపత్రిలో నొప్పికి నిద్ర పట్టనప్పుడు ఆమె కాలి మెట్టెతో ఇనప మంచాన్ని కొట్టేది. టక్... టక్... టక్. చరణం అయిపోయినాక మెట్టె ఆగేది. అప్పుడు కింద నేలమీద పడుకున్న పుల్లయ్య సన్నంగా అనేవాడు, "పొద్దుగూకె, పోదమా". ఆయా రాహేలమ్మ మొదటి రోజు గద్దించింది. మూడో రోజు ఆమే వచ్చి, ఈ పూట పాట లేదా అని అడిగింది. ఆ వంత లక్ష్మమ్మ నొప్పిని ఎంత తగ్గించిందో దేవుడికెరుక. పుల్లయ్యను మాత్రం తెల్లారేదాకా అదే బతికించేది.

రెండు నెలలకు డాక్టరు, ఇంగ ఇంటికి తీసుకపొమ్మన్నాడు. సొంత గడపలోపల కన్ను మూయాలని ఆమె ఆశ. అంతవరకన్నా చేర్చాలని ఈయన ఆరాటం.

ఎర్రగుంట్లలో రైలు దిగినాక బండి కదిలినప్పటి నుంచి మెట్టె బండి పలకను కొడతానే ఉండాది, ఈయన వంత ఇస్తానే ఉండాడు.

గని వచ్చింది.

పుల్లయ్య నోరు మూసుకున్నాడు.

టక్... టక్... టక్. ఆగింది. వంత కోసం ఎదురుచూస్తాండాది.

"లచ్చిమీ," గుసగుసగా అన్నాడు. "ఈడ వద్దే. గని దాటనీ."

టక్... టక్... టక్. మళ్లీ ఆగింది.

వెనక్కి తిరిగి చూద్దామంటే మెడ రాలేదు. ఆ తట్టేది తన భార్యో — గనిలోదో. ఎవరైతేనేం, నొప్పితో ఉన్న మనిషిని ఒంటరిగా పాడనిస్తానా అనుకున్నాడు. కండ్లు గట్టిగా మూసుకొని, గని గోడలు అదిరేటట్లు అనేసినాడు. "పొద్దుగూకె, పోదమా."

అంతే. ఇంటిదాకా మెట్టె ఆగలేదు, వంతా ఆగలేదు.

వాకిట్లో వాళ్లక్క కృష్ణవేణమ్మ లాంతరు ఎత్తి పట్టుకొని, మరదలి పాదాలు తాకింది. లాంతరు కిందికి దిగింది.

"ఒరే పుల్లయ్యా... కాళ్లు కొయ్యబారిపోయినాయి. ఎప్పుడో పోయింది రా."

"ఇప్పటిదాకా పాడింది గదక్కా."

బొంత తీసి చూసినారు. కాళ్లు రెండూ గడ్డి మీదనే ఉండాయి, పలకకు మూరెడు దూరంలో. బండి మూలన రాగి చెంబు దొర్లి పడి ఉండాది. అదే కొట్టుకొని ఉంటాదిలే అన్నారు అందరూ. అయి ఉంటాది. చెంబే అయి ఉంటాది... మరి చెంబు, వంత కోసం ఆగుతాదా?

దినాలు అయిపోయినాక పుల్లయ్య చీకటి పడితే చాలు, గని కాడికి పోయి కూర్చునేవాడు. అంత భయం యాడికి పోయిందో. దావన పోయేవాళ్లకు మగగొంతు ఒక్కటే వినపడేది — వంత... చరణమంత నిశ్శబ్దం... మళ్లీ వంత. నలభై ఊర్ల జనం బండ్లు వేరే దావకు మళ్లించుకున్నారు.

ఒకనాడు అక్కే పోయి చెయ్యి పట్టుకొని లాగింది, ఇంటికి రమ్మని. ఆయన కదల్లేదు.

"వంత ఇచ్చినోడు ఇల్లు చేరడన్నారు గదక్కా," అన్నాడు. "ఆ రాత్రి వంత ఇచ్చి గూడా నేనెందుకు చేరినాను?"