బంతి లేవకముందే

పర్ణశాల నుంచి తిరిగి వస్తుంటే వాన పట్టుకుంది. వాగు పొంగిందని బండ్లు ఆపేశారు. అడవి అంచున పాత సత్రం ఉంది. పూర్వం భద్రాచలానికి కాలినడకన వెళ్ళేవాళ్ళు ఆగే చోటట. మా ఆయన ఫోన్ సిగ్నల్ కోసం కారులోనే ఉండిపోయారు. నేను మా పాప దీపికను ఎత్తుకుని లోపలికి వెళ్ళాను.

మధ్యాహ్నమే అయినా పొడుగాటి వసారా అంతా చీకటి. తడిసిన సున్నం వాసన, పొయ్యి పొగ. సత్రం చూసుకునే రామక్క, మాది నాసిక్ అని అడిగి తెలుసుకుని, మాకు ఆకులు వేసింది. నేను ఒకటికి రెండుసార్లు తుడిచాను. నీళ్ళు మా సీసాలోవే పెట్టాను.

"నాసిక్‌ల గిట్లనే తుడుస్తరా అమ్మా? ఆకు అరిగిపోతది," అని నవ్వింది.

మా పక్కన, గోడ పొడుగునా ఇంకా ఆకులు పరిచి ఉన్నాయి. ఒక్కోదాంట్లో చిన్న ముద్ద.

"ఇంకెవరైనా వస్తున్నారా?"

"భద్రాచలం చేరకుండ దారిల ఆగిపోయినోళ్ళకు ఏస్తం. మా అత్త కాలం నుంచి గంతే. బంతిల కూసున్నంక అందరిది అయ్యేదాక లేవొద్దు, సరేనా?"

తలూపాను. పంక్తి మధ్యలో లేవకూడదన్న మర్యాద మా ఇంట్లోనూ ఉన్నదే.

దీపికకు ఆరేళ్ళు. అన్నం ముందు గంటసేపు కూర్చుంటుంది. ఆ రోజు నేను రెండు ముద్దలు తినేసరికి దాని ఆకు ఖాళీ.

"అప్పుడే తినేశావా?"

"నేను తినలేదమ్మా," అంది గుసగుసగా.

దాని చెయ్యి పట్టి చూశాను. పొడిగా ఉంది. ఒక్క మెతుకు అంటలేదు.

అప్పుడు వినిపించింది... వాన హోరు కింద... గోడ పొడుగునా... నమిలే చప్పుడు. చాలా నోళ్ళు. తొందర లేకుండా.

రామక్క వంటింటి గుమ్మంలో ఆగిపోయింది.

"ఇంకా తింటున్నరు," అంది గొంతు తగ్గించి. "పాపను లేపకు."

లేపాను. ఎత్తుకుని పరుగెత్తాను. వెనక చప్పుడు ఆగింది. అన్ని నోళ్ళూ ఒక్కసారే.

"అయ్యో తల్లీ... బంతి మధ్యల లేపినవ్..."

నాసిక్ వచ్చేశాం. టెస్టులన్నీ బాగున్నాయన్నారు డాక్టరు. బరువు మాత్రం తగ్గుతోంది. రోజూ వడ్డిస్తాను. కంచం ఖాళీ అవుతుంది. చెయ్యి పొడిగానే ఉంటుంది.

"లే నాన్నా, స్కూలు బస్సొస్తుంది."

"ఉండమ్మా. వాళ్ళది కాలేదు."

ఇప్పుడు నాకు భయం వేయడం లేదు. ఏమీ అనిపించడం లేదు. దాని ఎదురుగా కూర్చుంటాను. ఎప్పటికో లేస్తుంది. ఆ తర్వాత నేల తుడుస్తాను.

అది కూర్చున్న చోటు చల్లగా ఉంటుంది. పక్క చోటు వెచ్చగా.