గడప దిగని దుకాణం

సెర్వా రోజూలాగే మొక్కజొన్న జావ గిన్నెను భర్త ముందుంచి, అలసంద వడలను పళ్లెంలో సర్దుతున్న వేళ, వాకిట్లో మోటారు సైకిలు ఆగింది. దాని మీద వచ్చిన మనిషి ఒక పెద్ద సంచిని కూతురు డూఫీకి అప్పగించి, ఆమె ఫోనులో ఏదో చూసుకుని వెళ్లిపోయాడు.

"ఏమిటే అది?"

డూఫీ సంచిని తల్లి ముందు పెట్టింది. సెర్వా స్వయంగా సంచి మూతి విప్పింది. నలుపు మీద ఎర్రని ఆకుల అచ్చు వేసిన బట్ట, ఆరేసి గజాల మడతలుగా, ప్లాస్టిక్ తొడుగుల్లో ఉంది. కుమాసీ నగరపు అడుమ్ వీధిలో తల నెరిసినా ఇంకా బట్టల దుకాణం నడుపుతున్న ఆమెకు, ఆ బట్ట దేనికో మరొకరు చెప్పనక్కరలేదు. ఇటీవల కన్నుమూసిన తన అక్క పోకువా అంత్యక్రియలు, అక్కడి ఆచారం ప్రకారం కొన్ని వారాలు ఆగి, వచ్చే శనివారం జరగనున్నాయి. ఆనాడు కుటుంబమంతా కట్టుకోవలసిన బట్ట అది. అయితే అది తన దుకాణంలోది కాదు.

"ఎవరు తెప్పించారు?"

"నేను మాత్రం కాదు. నాకు ఆ ఫోనులో అక్షరాలే ఆనవు" అన్నాడు భర్త బోవాడి. ఆయన పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయుడు.

"మీరు జావ తాగండి మాస్టారూ. మిమ్మల్నెవరడిగారు?"

"నేనే అమ్మా" అంది డూఫీ.

"మీ అమ్మమ్మ పోయినప్పుడూ, మీ మామయ్య పోయినప్పుడూ బట్ట నా చేతుల మీదుగానే వెళ్లింది. నా సొంత అక్కకి మాత్రం మొహం తెలియనివాడి దగ్గర కొన్నావు. రేపు అడుమ్‌లో నేనెలా తలెత్తుకు తిరగను?"

"నిన్ను అడిగానమ్మా. తమాలేలో ఉన్న చుట్టాలకీ, టకొరాడీలో ఉన్నవాళ్లకీ ఫొటోలు పంపుదాం, నచ్చింది వాళ్ల ఇళ్లకే చేరుద్దాం అన్నాను. నువ్వేమన్నావు?"

"కావలసినవాళ్లు వచ్చి చూసుకుంటారన్నాను. అందులో తప్పేముంది?"

"ఆరు గజాల గుడ్డ కోసం రోజంతా బస్సులో కూర్చుని వస్తారా?"

"మేం మా అమ్మ వెంట బట్ట కోసం సరిహద్దు దాటి లోమే దాకా పోలేదా? చేత్తో తాకకుండా కొన్నది బట్టేనా? ఒక్కసారి తడిస్తే తెలుస్తుంది దాని బండారం."

అంటూనే సెర్వా ఒక తొడుగు చించి, బట్ట అంచును వేళ్ల నడుమ నలిపి చూసింది. నేత గట్టిది. అచ్చు రెండు వైపులా సమంగా దిగింది. వంక పెట్టడానికి ఏమీ దొరకకపోవడమే ఆమెను ఎక్కువగా బాధించింది. కొంతకాలంగా తన దుకాణానికి వచ్చేవారు బట్టను తడిమి, ఫొటో తీసుకుని, మళ్లీ వస్తామని వెళ్లి, మరెక్కడో ఫోనులో కొనుక్కుంటున్నారు. తన వీధి వరుసలోనే ఒక దుకాణం మూతపడింది. మరొకటి ఇతరుల పార్సిళ్లు దాచే గది అయింది. వాటిని చూసి ఆమె భయపడలేదు గాని, అవమానపడింది.

"నేను దీన్ని కట్టుకోను. నా బట్టే కట్టుకుంటాను."

బోవాడి చెంచా కింద పెట్టాడు. "ఆ మాట అనకు సెర్వా. అందరూ ఒక బట్టలో ఉండి నువ్వొక్కదానివీ వేరే బట్టలో నిలబడితే, నీ పగ ఫోనుతో అనుకోరు. అక్కతో అనుకుంటారు."

"అనుకోనివ్వండి."

"అమ్మా, కిందటి ఈస్టరుకి పెద్దమ్మ నీకు ఫోన్ చేసింది, గుర్తుందా?" అంది డూఫీ.

"ఎందుకు గుర్తులేదు? కొత్త బట్ట కావాలంది. మోకాళ్ల నొప్పి, కొట్టు మెట్లెక్కలేనంది."

"నువ్వు రమ్మన్నావు."

"మనిషిని చూడకుండా ఏ రంగు నప్పుతుందో ఎలా చెప్పనన్నాను. వస్తే కాసేపు నా పక్కన కూర్చుంటుందని..." సెర్వా మాట తడబడింది. "అక్క కోసమని ఒక మంచి బట్ట కూడా పక్కన పెట్టాను. రానే లేదు."

"పెద్దమ్మకి బట్టలు తక్కువా? బీరువా నిండా నువ్విచ్చినవే. బట్ట వంకతోనైనా నువ్వొస్తావని ఫోన్ చేసింది. తర్వాత నేను వెళ్తే, 'మీ అమ్మ కొట్టు దిగదే' అని నవ్వింది. అంత నొప్పిలోనూ నవ్వింది."

సెర్వా బట్టను ఒళ్లో పెట్టుకుని కూర్చుండిపోయింది. అక్క ఇల్లున్న సువామే ఇదే నగరంలోది, ఎంతో దూరం కాదు. వాన్ ఎక్కితే జావ చల్లారే లోపల చేరవచ్చు. తాను దుకాణంలో కూర్చుని అక్క రాకకై ఎదురు చూసింది. అక్క ఇంట్లో కూర్చుని తన రాకకై ఎదురు చూసింది. చివరకు ఆసుపత్రిలో కలుసుకునే సరికి, పోకువా మాట పడిపోయింది.

ఆమె బట్టను మళ్లీ మడత పెట్టింది.

"ఇంకా ఎవరికి చేరలేదు?" అని అడిగింది సెర్వా.

"మాంపాంగ్‌లో అబ్రెఫి చిన్నమ్మమ్మకి. ఆవిడకి ఫోనూ లేదు, నడకా లేదు. ఎవరిచేతనైనా పంపుతాను."

"ఎవరూ అక్కర్లేదు. నేను పట్టుకెళ్తాను."

"మరి కొట్టు?" అన్నాడు బోవాడి.

"ఇవాళ తియ్యను మాస్టారూ. వచ్చినవాళ్లు ఫొటో లేకుండానే పోతారు."

మాంపాంగ్‌లో ఆ వృద్ధురాలు బట్టను మోకాళ్ల మీద పరిచి తడిమి చూసింది. "మంచి బట్టే. నీ కొట్లోదేనా?"

"కాదు పిన్నీ. తేవడం మాత్రం నేనే తెచ్చాను."

"నువ్వే వచ్చావా? కూర్చో. ఎంతసేపుంటావు?"

"సాయంత్రం దాకా" అంది సెర్వా.

అక్కకు ఒక్కనాడూ చెప్పలేకపోయిన ఆ మాట, మరొకరి ముంగిట్లో ఇంత తేలికగా నోట వచ్చినందుకు, ఆమెకు దుఃఖం ఆగలేదు. కారణం తెలియని వృద్ధురాలు ఆమె చేతిని తన చేతిలోకి తీసుకుంది.