ఎర్రగీత దాటిన గొంతు

తమ్ముణ్ణి కాల్చినప్పుడు అతని చొక్కాలో దాచిన మైకు నుంచి రికార్డింగు నడుస్తూనే ఉంది. కాల్చినవాడు ఏదో అన్నాడు కూడా. కానీ ఫైల్లో మాట లేదు, గరగర ఒక్కటే. శబ్దం లెవెల్ మీటరులో ఎర్రగీత దాటి గొంతు చితికిపోయింది.

"చంపిందెవరో దీన్లో తెలీదా బావగారూ?" అంది మరదలు.

అన్న ఫైలు మళ్లీ మొదట్నించి పెట్టాడు. మాట తక్కువని గూఢచార డిపార్టుమెంటులో అతన్ని మూగోడు అంటారు.

ఆ రోజు కంప్యూటర్ దగ్గర కూర్చున్నది రికార్డింగు చూసే మేడం. నల్ల కళ్లద్దాలు, ఎర్ర లిప్‌స్టిక్. "చెయ్యి జారిందండీ" అని ఏడ్చింది. అందరూ నమ్మారు. పదేళ్లు లెవెల్స్ పట్టిన చెయ్యి జారుతుందా?

కేసు మూసేశారు. మూగోడు మూయలేదు.

మూడు నెలలకి బాస్ పిలిచాడు.

"విదేశీ ముఠా. పదకొండింటికి బాంబు. ఎక్కడ పేల్చాలో వాళ్ల నాయకుడు ఈ ఉదయం హోటల్ గదిలో తన మనుషులకి చెబుతాడు. మైకు పెట్టు. రికార్డింగు వేరేవాళ్లకి ఇవ్వనా?"

"వద్దు. మేడమే కావాలి."

ఏసీ మెకానిక్కు వేషంలో వెళ్లాడు. ఏసీలో ఒక మర తీసి, మరంత మైకు బిగించాడు. ఎదురు గదిలో కంప్యూటర్ తెరిచాడు. మేడం రాకముందే అదే మైకుని రెండో ట్రాకుకి కూడా కలిపాడు. దాని లెవెల్ ఇరవై డెసిబెల్స్ తగ్గించి, స్క్రీన్ మీద కనబడకుండా దాచాడు. సన్నగా వచ్చిన గొంతుని తర్వాత పెంచుకోవచ్చు. చితికినదాన్ని బ్రహ్మదేవుడు దిగొచ్చినా అతకలేడు.

పది నలభైకి నాయకుడు గదిలోకి వెళ్లాడు. మేడం హెడ్‌ఫోన్స్ పెట్టుకుంది. మూగోడు తలుపు దగ్గర కాపలా. ఓరకంట చూశాడు. ఆమె మౌస్ మెల్లగా స్లైడర్ని పైకి తోసింది. మీటరు ఆకుపచ్చ, పసుపు, ఎరుపు.

"అయ్యయ్యో! మళ్లీ పగిలిందండీ. పాడు సాఫ్ట్‌వేర్!"

"పాపం" అన్నాడు మూగోడు. వచ్చి రెండో ట్రాకు తెరిచాడు. హెడ్‌ఫోన్ వైరు పీకి, స్పీకర్లో వాల్యూమ్ పెంచాడు.

నాయకుడి గొంతు అద్దంలా వచ్చింది. "మైకుంటే ఉండనీ. మన మేడం చూసుకుంటుంది. మొన్న నేను వాణ్ణి కాల్చినప్పుడు చూసుకోలేదూ? పిల్లల ఆసుపత్రి, వెనక గేటు, పాలవ్యాను."

మేడం లిప్‌స్టిక్ తీసింది. అది తుపాకీ, అందులో ఒక తూటా ఉంది. మూగోడు హెడ్‌ఫోన్ వైరు ఆమె మణికట్టుకి చుట్టి లాగాడు. తూటా సీలింగుకి తగిలింది.

ఇంకో చేత్తో బాస్‌కి ఫోన్ చేశాడు. "పాలవ్యాను. పిల్లల ఆసుపత్రి. వెనక గేటు."

మేడం కాళ్ల మీద పడింది. "వదిలేయండి! నాకూ అన్నదమ్ములున్నారు."

"ఉన్నారుగా. జైలుకొచ్చి చూస్తారు. నా తమ్ముడు రాలేడు."

పదకొండుకి రెండు సెకన్ల ముందు వ్యానులో బాంబు వైరు తెగింది. నాయకుణ్ణి లిఫ్టు దగ్గర పట్టుకున్నారు.

బేడీలు పడగానే అతను నోరు బిగించాడు. "లాయరొచ్చేదాకా ఒక్క ముక్క మాట్లాడను."

"మాట్లాడకు" అన్నాడు మూగోడు. "ఉరికి సరిపడా మాట్లాడేశావు."