నాలుక మీద నాలుగు రంగులు

"ఈ తల ఎవరు చేశారండీ?" అని అడిగింది ఆమె, ముఖం ఎత్తకుండానే.

"మేమే," అన్నాడు అతను. ఆ ఒక్క మాటకే ఛాతీ రెండంగుళాలు ముందుకొచ్చింది.

బల్ల మీద నిలువునా సగానికి కోసిన మనిషి తల ఉంది. ప్లాస్టర్‌తో పోసి, రంగులు వేసి, వార్నిష్ పూసిన బొమ్మ. దంతవైద్య కళాశాలకు అలాంటివి ఆరు కావాలంటే, చూపించడానికి ఒకటి గుడ్డలో చుట్టి తెచ్చాడు. వైద్యవిద్యార్థుల కోసం బొమ్మలు చేయడం వాళ్ల నాన్న మొదలుపెట్టిన పని. ఈ తల అచ్చు కూడా ఆయనదే, ఇరవై రెండేళ్ల కిందటిది.

ఆమె అనాటమీ విభాగంలో కొత్తగా చేరిన ట్యూటరు. బొమ్మ చుట్టూ రెండుసార్లు తిరిగి, జేబులోంచి పెన్ను తీసింది.

"మూడు తప్పులున్నాయి."

"ఇరవై రెండేళ్లుగా ఎవరూ అనలేదండీ."

"సరిగ్గా చూసి ఉండరు. నాలుక మీద ఈ నాలుగు రంగులేంటి?"

"కొసన తీపి, పక్కన ఉప్పు, ఆ వెనక పులుపు, చివర చేదు. ఒక్కో రుచికి ఒక్కో చోటు. చిన్నపిల్లలకి కూడా తెలుసు."

"చిన్నపిల్లలకి తెలిసింది తప్పు. అన్ని రుచులూ నాలుకంతా తెలుస్తాయి. రెండోది, చెవి ముందుండే లాలాజల గ్రంథి. దాని గొట్టాన్ని కింది పళ్ల దగ్గర తెరిచారు. పై వరసలో రెండో దవడపన్నుకి ఎదురుగా ఉండాలి."

"మీరు పుస్తకంలో చూసి చెప్తున్నారు."

"పుస్తకం ఎందుకు, మీ నోరుందిగా. నాలుకతో చెంప లోపల తడమండి. పైన."

అతను తడిమాడు. పై దవడపన్నుకి ఎదురుగా నూకగింజంత బొడిపె తగిలింది. ఒప్పుకోవడానికి మనసు రాలేదు. కాదనడానికి నాలుక ఖాళీగా లేదు.

"దొరికిందా?"

"ఊఁ."

"మూడోది తర్వాత చెప్తాను. అన్నీ ఒకేరోజు చెప్తే ఏడుస్తారు."

తలను చుట్టుకుని బస్సెక్కాడు. దారి పొడుగునా ఆమెను తిట్టుకోవాలని చూశాడు కానీ, నాలుక పోయి పోయి ఆ బొడిపె దగ్గరే ఆగుతోంది. ఇల్లు చేరేసరికి కోపం కాస్తా కుతూహలమైంది.

మర్నాడు నోట్‌బుక్‌తో వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"కొట్లాటకా?" అంది ఆమె.

"నేర్చుకోవడానికి. మళ్లీ మొదటి నుంచి చేస్తాను."

ఆమె ఒక్క క్షణం తేరిపార చూసింది. "క్లాసులయ్యాక నాలుగింటికి రండి. ఆలస్యమైతే ఒప్పుకోను."

అలా మొదలైంది. కోసిన పుర్రెలు, గాజు పెట్టెల్లోని నాలుకలు, పాత పటాలు. అతను గీసేవాడు, ఆమె కొట్టేసేది. మళ్లీ గీసేవాడు. దవడ కింది గ్రంథి గొట్టం ముందుకొచ్చి నాలుక కింద, దాన్ని అడుగున పట్టి ఉంచే సన్నటి మడతకు అటూ ఇటూ తెరుచుకుంటుందని తెలిశాక, రోజంతా అద్దం ముందు నాలుక ఎత్తుకుని కూర్చున్నాడు. నాలుక వెనక భాగంలో వి ఆకారంలో వరసగా ఉండే బొడిపెలను సూదిమొనతో ఒక్కొక్కటే మట్టిలో చెక్కాడు.

ఒకరోజు వానలో తడిసి ముద్దై వచ్చాడు. తుమ్మిన తుమ్ముకు పటం ఊగింది.

"ఇవాళ మానేయాల్సింది కదండీ," అంది ఆమె తువ్వాలు అందిస్తూ.

"నాలుగైందిగా. మీరే చెప్పారు ఆలస్యం పనికిరాదని." ముక్కు మూసుకుపోయి మాట సగమే వస్తోంది. "బుగ్గలు బరువెక్కాయి."

"ఇదే మూడో తప్పు. చెంప వెనక ఎముకలో ఖాళీ గది ఉంటుంది, సైనస్. దాని ద్వారం మీ బొమ్మలో అడుగున పెట్టారు. నిజానికి పైన ఉంటుంది. అందుకే లోపల నీరు చేరితే తేలిగ్గా బయటికి రాదు."

"కాలువని పైకప్పు దగ్గర పెట్టిన మేస్త్రీ ఎవరో గానీ, నాన్నైతే పనిలోంచి తీసేసేవాడు."

ఆమె నవ్వింది. ఆ గదిలో అతను విన్న మొదటి నవ్వు అది. "తల కాస్త ముందుకి వంచి చూడండి, బరువు తెలుస్తుంది."

"ఎవరి ముందూ తల వంచలేదండీ ఇప్పటిదాకా."

"మంచిదే. ఇప్పుడు వంచండి."

వంచాడు. మళ్లీ ఎత్తేసరికి ఆమె ఇంకా అతన్నే చూస్తోంది. ఇద్దరూ ఒకేసారి కిటికీ వైపు తిరిగి, వాన గురించి ఏదో అన్నారు.

చిక్కు ఇంటి దగ్గర వచ్చింది. కొత్త తల పని తండ్రికి చెప్పకుండా చేస్తున్నాడు. చెప్పడానికి నోరు రాలేదు. ఆ పాత తల ఆయన ప్రాణం. ఒక ఆదివారం ఆయనే వర్క్‌షాపులో కొత్త తల మీది గుడ్డ తీసి చూశాడు.

"నాలుకకి రంగులేవిరా?"

"అవి తప్పట నాన్నా."

"అన్నదెవరు?"

"కాలేజీలో మేడం."

"అయితే ఆ మేడంని ఇక్కడికి రమ్మను."

ఆమె వచ్చింది. కబురందిన గంటలోపే వచ్చింది. తండ్రి కుర్చీ వేయలేదు. ఆమె నొచ్చుకోలేదు.

"ఒక పరీక్ష చేద్దామా అండీ? కళ్లు మూసుకుని నాలుక బయటపెట్టండి."

పెద్దాయన కొడుకు వంక గుర్రుగా చూసి, అలాగే చేశాడు. ఆమె సంచిలోంచి కాకరకాయ ముక్క తీసి నాలుక కొసకు తాకించింది. అంతే, ఆయన ముఖం ముడుచుకుపోయింది.

"చేదు," అన్నాడు. కళ్లు తెరిచి మళ్లీ మెల్లగా అన్నాడు. "కొసన చేదు తెలిసింది."

ఆయన పాత తలను దగ్గరికి లాక్కుని, నాలుక మీది రంగులను బొటనవేలితో తడిమాడు.

"ఇన్నేళ్లూ తప్పు చెప్పానన్నమాట పిల్లలకి."

"నాకూ చెప్పారు," అంది ఆమె. "నేను చదివిన కాలేజీలో మీ తలే ఉండేది. అది చూసే వైవా పరీక్షలో లాలాజలం గొట్టం కింద ఉంటుందని చెప్పి మార్కులు పోగొట్టుకున్నాను."

కొడుకు ఉలిక్కిపడి చూశాడు. ఈ సంగతి అతనికీ తెలియదు.

"మరి అంత కోపం ఉండి..." అన్నాడు పెద్దాయన.

"కోపం కాదండీ. పటాలు చూస్తే నాకు నిద్రొచ్చేది. మీ తలని చేతుల్లోకి తీసుకుని తిప్పాను చూడండి, ఆ రోజు ఈ సబ్జెక్టు వదలకూడదనుకున్నాను. తప్పులు మూడే. మిగతాదంతా ఒప్పే. నేను టీచరునయ్యానంటే ఆ తల వల్లే."

పెద్దాయన లేచి, తన కుర్చీని తనే ఆమె వైపు జరిపాడు. "కూర్చో అమ్మా. నీ మార్కులు తిన్నవాణ్ని, కాఫీ అయినా ఇవ్వనీ."

ఆ సాయంత్రం పాత అచ్చును ఆయనే సుత్తితో పగలగొట్టాడు. కొత్త నాలుకకు రంగు వేయడానికి కొడుకు పక్కన కూర్చున్నాడు.

ఆరు తలలూ కాలేజీకి చేరిన నెలకు పరీక్షలొచ్చాయి. బయటినుంచి వచ్చిన ఎగ్జామినరు కొత్త తలను అటూ ఇటూ తిప్పి, చెంప లోపలి రంధ్రంలోకి సన్నటి తీగ పంపాడు. అది చెవి ముందున్న గ్రంథి దాకా నేరుగా వెళ్లింది.

"దీన్ని ఏ దేశం నుంచి తెప్పించారు?"

"మూడు వీధుల అవతల నుంచి," అంది ఆమె. గుమ్మం దగ్గర, విరిగిన స్టాండు బాగుచేయడానికొచ్చిన అతన్ని చూపించింది. "అదిగో, చేసిన మనిషి ఆయనే."

గదిలో అందరూ తిరిగి చూశారు. అతని చేతిలో స్క్రూడ్రైవరు ఉంది, ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

వరండాలోకి వచ్చాక అన్నాడు, "అందరి ముందూ అలా చెప్పాలా అండీ?"

"చెప్పుకోవాలనిపించింది. మా అమ్మకి కూడా చెప్పాను."

"ఏమని?"

"ఒకబ్బాయి ఉన్నాడు, తప్పు చూపిస్తే మర్నాడు నోట్‌బుక్ పట్టుకొచ్చాడు అని. అలాంటివాడు దొరికితే ఆలోచించడానికేముంది అంది అమ్మ." ఆమె చెవులు ఎర్రబడ్డాయి, చూపు మాత్రం తిప్పుకోలేదు. "మీరేమంటారు?"

ఇన్నాళ్లుగా కూడబెట్టుకున్న మాటలు ఒక్కటీ అందలేదు. "నోరెండిపోయిందండీ," అన్నాడు.

"మూడు జతల పెద్ద లాలాజల గ్రంథులు పెట్టుకుని ఎండిపోవడమేంటి? ఔననడానికి ఒక్క చుక్క చాలు."

"ఔను," అన్నాడు.

తండ్రికి ఎలా చెప్పాలా అని రెండు రోజులు మథనపడ్డాడు. మూడో రోజు, ఇంకా చెప్పకముందే, ఆమె వర్క్‌షాపుకు వచ్చేసరికి, వేరే కాలేజీ ప్రొఫెసరు ఒకాయన బొమ్మలు చూస్తున్నాడు.

"ఈవిడెవరండీ?" అని అడిగాడాయన.

పెద్దాయన చేతులు తుడుచుకుని నిటారుగా నిలబడ్డాడు. కొడుకు వైపైనా చూడలేదు.

"మా కోడలు కాబోతోంది," అన్నాడు. "నా పనిలో మూడు తప్పులు పట్టింది."