చైనా పడవ కళ్లు

మాది పెనుకొండ. మూడు తరాలుగా చెక్కతో దేవుళ్ల విగ్రహాలు చేసే ఇల్లు. సముద్రాన్ని ఫోటోల్లో తప్ప చూసినవాణ్ణి కాదు. అలాంటి నన్ను పట్టుకుని, పాతకాలపు చైనా సరుకుల పడవ నమూనా చెయ్యమన్నాడు హిందూపురం లెక్చరర్ క్రాంతి కుమార్ సారు. పుస్తకాలు, కొలతలు ఆయనే ఇచ్చాడు. పడవ కడుపులో అడ్డంగా చెక్కలు బిగించి గదులు చేశాను. పైన మూసేస్తే అవి ఎవరికీ కనబడవు. అయినా ఒక్క కొలత తప్పలేదు. గర్వంగానే చెబుతున్నా, ఈ చుట్టుపక్కల అంత పని ఇంకెవరి చేతా కాదు.

చివరగా, చైనా పడవలకు ఉండే ఆచారం ప్రకారం, ముందువైపు రెండు కళ్లు దిద్దాలి. అది మాకు కొత్తా? విగ్రహాలకు దిద్దినట్టే, కింద నిలబడే భక్తుల మీద చూపు పడేలా నల్లగుడ్లు కిందికి దించి దిద్దాను. పడవను బీరువా మీద పెట్టాను. దాని ముందు కొస మా పాప అమృత మంచం మీదికి వచ్చింది.

మూడో రోజు గదిలో నీచు వాసన మొదలైంది. మా ఇంట్లో చేపలు వండరు.

"యాడిదీ వాసన? ఎలకేమన్నా సచ్చిందా?" అంటూ నా భార్య నీలావతి గదంతా కడిగింది. వాసన పోలేదు. ఆ సాయంత్రమే అమృతకు జ్వరం పట్టుకుంది. మందులకు తగ్గలేదు. పిల్ల ఒళ్లు కాలిపోతోంది, పక్క మాత్రం తడిగా, చల్లగా ఉంది. మాకున్నది ఆ ఒక్క బిడ్డే. నాకు భయం పట్టుకుంది.

మర్నాడు మధ్యాహ్నం, పని ఎంతవరకు వచ్చిందని సారు అడిగితే ఫోటో పంపాను. వెంటనే ఫోన్ చేశాడు.

"ఏమప్పా, సరుకుల పడవకు కండ్లు ముందుకు చూడాల. కిందికి చూసేటివి చేపల పడవలు."

"కిందికి ఎందుకు సార్?"

"చేపల యాట కోసమప్పా. అడుగున ఏముండాదో కనిపెట్టాల కదా."

గదిలోకి చూశాను. పైన పడవ... కింద నా బిడ్డ. నోరు తెరుస్తోంది. మూస్తోంది. మళ్లీ తెరుస్తోంది. మాట లేదు.

పడవను దించాను. బరువెక్కింది. పాత రంగు గీకేసి, గుడ్లు ముందుకు దిద్దాను. రెండో కన్ను పూర్తయ్యేసరికి వాసన పోయింది.

అమృత లేచి కూర్చుంది. జ్వరం లేదు. నీలావతి ఏడ్చేసింది, నేనూ ఏడ్చాను. మంచం అంచున కూర్చుని, "పాపా, నాయన్ని చూడు" అన్నాను.

చూడలేదు. గడ్డం పట్టుకుని ముఖం పైకెత్తాను. ముఖం లేచింది... గుడ్లు కిందికే ఉన్నాయి. నా పాదాల దగ్గర, గచ్చు మీద, దేన్నో వెంబడిస్తూ మెల్లగా కదిలాయి. అటు నుంచి ఇటు...

"నాయనా," అంది గుసగుసగా. "కాళ్లు పైన పెట్టుకో."